డైవ్ కంప్యూటర్

డైవ్ కంప్యూటర్ అనునది శ్వాస పరికరాలతో నీటి అడుగున సంచరించే డైవర్లు మణికట్టుకు గాని, గాలి గొట్టానికి గాని అమర్చుకొనే ఒక చిన్న ఎలక్ట్రానిక్ పరికరం. ఇది డైవరు ఉన్న లోతును, నీటిలో గడచిన కాలాన్ని ఎడతెగక కొలుస్తుంది. వాటి ఆధారంగా అతని శరీరంలో కరిగిన నత్రజని, హీలియం వంటి జడవాయువుల పరిమాణాన్ని గణిత సూత్రాలతో అంచనా వేస్తుంది. ఎంత వేగంతో పైకి రావలెనో, దారిలో ఏయే లోతుల వద్ద ఎంతసేపు ఆగవలెనో తెరపై చూపుతుంది. శరీరంలోని వాయువును నేరుగా కొలిచే సాధనమేదీ ఈ పరికరంలో లేదు. అది చూపేది లెక్క మాత్రమే, వైద్య పరీక్ష ఫలితం కాదు. సురక్షిత వినియోగానికి సంబంధించిన నియమాలలో అధిక భాగం ఈ ఒక్క విషయంపై ఆధారపడి ఉన్నాయి.

లోతు నుండి నేరుగా పైకి రావడానికి వీలులేని విధంగా, మధ్యమధ్య తప్పనిసరిగా ఆగుతూ రావలసిన డైవింగును డికంప్రెషన్ డైవింగు అంటారు. డికంప్రెషన్ అనగా శరీరంపై ఒత్తిడిని క్రమంగా తగ్గించుట. దీనికి విసంపీడనం అనే పదాన్ని కూడా వాడుతారు.

శాస్త్రీయ నేపథ్యం

సముద్ర మట్టం వద్ద మనపై ఉండే గాలి ఒత్తిడిని ఒక అట్మాస్ఫియరుగా లెక్కిస్తారు. సముద్రంలో ప్రతి 10 మీటర్ల లోతుకు సుమారుగా మరొక అట్మాస్ఫియరు చేరుతుంది. కాబట్టి 10 మీటర్ల వద్ద మొత్తం ఒత్తిడి 2, 30 మీటర్ల వద్ద 4, 40 మీటర్ల వద్ద 5 అట్మాస్ఫియర్లు. డైవరు పీల్చే గాలి చుట్టూ ఉన్న నీటి ఒత్తిడితో సమానమైన ఒత్తిడిలో అందుతుంది. కనుక లోతు పెరిగే కొలదీ ప్రతి శ్వాసలోనూ ఎక్కువ నత్రజని ఊపిరితిత్తులకు చేరుతుంది.

ద్రవంలో కరిగే వాయువు పరిమాణం ఆ వాయువు పాక్షిక పీడనానికి అనులోమానుపాతంలో ఉంటుందని హెన్రీ నియమం చెబుతుంది. పాఠశాల పుస్తకాలలో సోడా సీసా ఉదాహరణ ఇందుకే ఇస్తారు. మూత బిగించి ఉన్నంతసేపు బొగ్గుపులుసు వాయువు నీటిలో కరిగి కనబడకుండా ఉంటుంది. మూత ఒక్కసారిగా తీస్తే బుడగలుగా పొంగి వస్తుంది. మెల్లగా తీస్తే పొంగు తగ్గుతుంది. డైవరు శరీరంలోని నత్రజని విషయంలోనూ ఇదే జరుగుతుంది. లోతున రక్తంలోను, కణజాలాలలోను కరిగిన నత్రజని, పైకి మెల్లగా వస్తే ఊపిరితిత్తుల ద్వారా బయటకు పోతుంది. త్వరగా వస్తే శరీరంలోనే బుడగలు ఏర్పడతాయి.

డికంప్రెషన్ వ్యాధి

ఈ బుడగల వల్ల కలిగే రుగ్మతను డికంప్రెషన్ వ్యాధి అంటారు. ఆంగ్ల వ్యవహారంలో దీనికి 'బెండ్స్' అనే పేరు కూడా ఉన్నది. వంతెనల పునాదుల కోసం గాలి ఒత్తిడి నింపిన కెయిసన్లలో పనిచేసిన కూలీలలో 19వ శతాబ్దంలోనే ఇది కనిపించింది. అందువల్ల దీనిని కెయిసన్ వ్యాధి అని కూడా పిలిచేవారు.

తేలికపాటి లక్షణాలు: భుజం, మోచేయి, మోకాలు వంటి కీళ్ళలో నొప్పి, చర్మంపై దురద, మచ్చలు, విపరీతమైన అలసట. తీవ్రమైన లక్షణాలు: కాళ్ళు చేతులు తిమ్మిరెక్కుట, పట్టు తప్పుట, తల తిరుగుట, మూత్ర విసర్జన నిలిచిపోవుట, చూపు, మాట తడబడుట, ఊపిరాడకపోవుట. లక్షణాలు చాలావరకు నీటి నుండి బయటకు వచ్చిన మొదటి కొన్ని గంటలలోనే బయటపడతాయి. వెన్నుపాము దెబ్బతింటే శాశ్వత పక్షవాతం లేదా మరణం సంభవించవచ్చును.

చరిత్ర

ఫ్రెంచి శాస్త్రవేత్త పాల్ బెర్ 1878లో ప్రచురించిన గ్రంథంలో ఈ రోగానికి నత్రజని బుడగలే కారణమని నిరూపించాడు. బ్రిటిషు నౌకాదళం కోరికపై స్కాట్లండుకు చెందిన జాన్ స్కాట్ హాల్డేన్ మేకలపైన, ఆ తరువాత డైవర్లపైన ప్రయోగాలు జరిపాడు. బాయ్‌కాట్, డామంట్ అనే సహచరులతో కలిసి 1908లో మొదటి శాస్త్రీయ డికంప్రెషన్ పట్టికలను ప్రచురించాడు. ఒత్తిడిని సగానికి తగ్గించినా సాధారణంగా ప్రమాదం ఉండదని ఆయన గమనించాడు. అంటే 2 నుండి 1 అట్మాస్ఫియరుకు రావడం ఎటువంటిదో, 4 నుండి 2కు రావడమూ అటువంటిదే. లోతులో మొదట త్వరగా, ఉపరితలం సమీపించే కొలదీ ఎక్కువసేపు ఆగుతూ వచ్చే పద్ధతి ఈ గమనింపు నుండి పుట్టింది. అన్ని కణజాలాలు ఒకే వేగంతో నత్రజనిని పీల్చుకొనవని గుర్తించి, శరీరాన్ని 5, 10, 20, 40, 75 నిమిషాల అర్ధకాలం గల ఐదు ఊహాత్మక విభాగాలుగా లెక్కించినవాడు కూడా ఆయనే.

ఈ హాల్డేన్ కుమారుడే ప్రఖ్యాత జన్యుశాస్త్రవేత్త జె.బి.ఎస్. హాల్డేన్. తండ్రి ప్రయోగాలలో భాగంగా 1906లో పదమూడేళ్ళ వయసులోనే ఆయన డైవింగు దుస్తులు ధరించి సముద్రంలో దిగాడు. 1939లో థెటిస్ జలాంతర్గామి ప్రమాదం తరువాత, అధిక ఒత్తిడిలో వివిధ వాయువుల ప్రభావాన్ని పీడన గదులలో తనపైనే పరీక్షించుకొన్నాడు. 1957లో భారతదేశానికి వచ్చి ఇక్కడి పౌరసత్వం స్వీకరించాడు. 1964 డిసెంబరు 1న భువనేశ్వర్‌లో మరణించాడు. ఆయన కోరిక మేరకు భౌతిక కాయాన్ని కాకినాడలోని రంగరాయ వైద్య కళాశాలకు అప్పగించారు. పిఠాపురంలో జన్మించిన జన్యుశాస్త్రవేత్త ద్రోణంరాజు కృష్ణారావు ఆయన శిష్యుడు. ఈ విధంగా డికంప్రెషన్ శాస్త్ర చరిత్రకు తెలుగునాటితో ఒక సంబంధం ఉన్నది.

పట్టికలకు బదులు పరికరమే లెక్క చూపాలనే ప్రయత్నాలు 1950వ దశకంలో మొదలయ్యాయి. 1959లో ఇటలీలో తయారైన 'ఎస్.ఓ.ఎస్. డికంప్రెషన్ మీటరు'లో సన్నని రంధ్రాలు గల పింగాణి ముక్క గుండా వాయువు మెల్లగా ఒక గది నుండి మరొక గదిలోకి వెళ్ళేది. అది ఒకే ఒక కణజాలాన్ని అనుకరించేది కనుక అన్ని సందర్భాలలో నమ్మదగినది కాలేదు. మైక్రోప్రాసెసర్లు చవక అయిన తరువాత 1983లో అమెరికాలో 'ఆర్కా ఎడ్జ్', ఐరోపాలో 'డెకోబ్రెయిన్' వెలువడ్డాయి. 1987లో ఫిన్లాండుకు చెందిన సూంటో, స్విట్జర్లాండుకు చెందిన ఉవాటెక్ కంపెనీల చిన్న పరికరాలు రావడంతో ఇవి సాధారణ డైవర్లకు అందుబాటులోకి వచ్చాయి.

పనిచేసే విధానం

పరికరంలో ఒత్తిడిని గ్రహించే సెన్సారు, గడియారం, మైక్రోప్రాసెసరు, బ్యాటరీ, తెర ఉంటాయి. కొన్ని సెకండ్లకు ఒకసారి ఒత్తిడిని కొలిచి, దానిని లోతుగా మార్చి, ప్రతి ఊహాత్మక కణజాలంలో ఎంత వాయువు చేరిందో లేదా తగ్గిందో లెక్క కడుతుంది.

అర్ధకాలం అనే భావనను ఒక ఉదాహరణతో గ్రహించవచ్చును. డైవరు గాలి పీలుస్తూ 30 మీటర్ల లోతున 10 నిమిషాలు ఉన్నాడనుకుందాం. గాలిలో నత్రజని 79 శాతం కనుక, ఉపరితలం వద్ద కణజాలంలో దాని పీడనం 0.79 అట్మాస్ఫియరు. 30 మీటర్ల వద్ద పీల్చే గాలిలో 3.16. తేడా 2.37. ఐదు నిమిషాల అర్ధకాలం గల కణజాలం మొదటి ఐదు నిమిషాలలో ఈ తేడాలో సగం పూరించుకొంటుంది, తరువాతి ఐదు నిమిషాలలో మిగిలినదానిలో సగం. పది నిమిషాలకు అది 2.57 అట్మాస్ఫియర్లకు చేరుతుంది. 40 నిమిషాల అర్ధకాలం గల కణజాలం అదే సమయంలో 1.17కు మాత్రమే చేరుతుంది. వేగంగా నిండేది వేగంగానే ఖాళీ అవుతుంది. మెల్లగా నిండేది మెల్లగా ఖాళీ అవుతుంది. కనుక కొద్దిసేపటి లోతు డైవింగులో మొదటి రకం కణజాలం, దీర్ఘకాలపు డైవింగులో లేక ఒకే రోజు పలుమార్లు దిగినపుడు రెండవ రకం కణజాలం నిర్ణాయకమవుతాయి.

ప్రతి కణజాలం భరించగల గరిష్ఠ వాయు పీడనాన్ని ఎమ్-విలువ అంటారు. 1960వ దశకంలో అమెరికా నౌకాదళ వైద్యుడు రాబర్ట్ వర్క్‌మన్ దీనిని ప్రవేశపెట్టాడు. జ్యూరిచ్‌కు చెందిన ఆల్బర్ట్ బూల్‌మన్ పదహారు కణజాలాల నమూనాను రూపొందించాడు. వీటిలో అతి నెమ్మదైన కణజాలం అర్ధకాలం 635 నిమిషాలు. నేటి డైవ్ కంప్యూటర్లలో చాలావాటికి ఈ నమూనాయే ఆధారం. బుడగల పెరుగుదలను లెక్కలోకి తీసుకొనే ఇతర నమూనాలు కూడా ఉన్నాయి.

గ్రేడియంట్ ఫాక్టర్లు

బూల్‌మన్ నమూనా అనుమతించే హద్దు వరకు వెళ్ళకుండా కొంత దూరంలోనే ఆగడానికి ఎరిక్ బేకర్ అనే ఇంజనీరు గ్రేడియంట్ ఫాక్టర్లు అనే పద్ధతిని సూచించాడు. వీటిని 30/70, 50/80 వంటి రెండు సంఖ్యలతో సూచిస్తారు. మొదటి సంఖ్య తొలి విరామం ఎంత లోతున మొదలవ్వాలో, రెండవది ఉపరితలానికి చేరేటప్పుడు హద్దులో ఎంత శాతం వరకు వెళ్ళవచ్చునో నిర్ణయిస్తాయి. రెండవ సంఖ్య తగ్గిన కొలదీ విరామ కాలం పెరుగుతుంది, జాగ్రత్త పెరుగుతుంది. మొదటి సంఖ్యను మరీ తగ్గిస్తే మాత్రం చాలా లోతులోనే విరామాలు మొదలై, ఆ సమయంలో నెమ్మది కణజాలాలు ఇంకా నత్రజనిని నింపుకొంటూ ఉంటాయి. అమెరికా నౌకాదళ ప్రయోగశాల 2011లో వెలువరించిన నివేదికలో లోతైన విరామాల పద్ధతిలోనే ఎక్కువమందికి వ్యాధి కలిగినట్లు తేలింది. ఆ తరువాత ఈ విషయమై అభిప్రాయాలు చాలా మారాయి.

తెరపై కనిపించే వివరాలు

* లోతు, గరిష్ఠ లోతు, కాలం.
* విరామరహిత కాలం: ఇంకా ఎన్ని నిమిషాలు ఇదే లోతున ఉండి నేరుగా పైకి రావచ్చునో తెలిపే సంఖ్య. ఇది సున్నాకు చేరితే డికంప్రెషన్ డైవింగు మొదలైనట్లే.
* సీలింగు: డైవరు దాటి పైకి రాకూడని లోతు. కంటికి కనబడని పైకప్పు వంటిది.
* విరామ లోతు, విరామ కాలం: సాధారణంగా 3 మీటర్ల అంతరంతో, అనగా 12, 9, 6, 3 మీటర్ల వద్ద చూపుతుంది.
* ఉపరితలానికి చేరే మొత్తం కాలం: అన్ని విరామాలను కలుపుకొని పైకి రావడానికి పట్టే నిమిషాలు. డికంప్రెషన్ డైవింగులో ముఖ్యమైన సంఖ్య ఇదే. సిలిండరులో మిగిలిన గాలి ఈ కాలానికి సరిపోవాలి.
* ఆమ్లజని పాక్షిక పీడనం, పైకి వచ్చే వేగం, హెచ్చరికలు.

డికంప్రెషన్ డైవింగులో సురక్షిత వినియోగం

వినోద డైవింగులో విరామరహిత పరిమితిని దాటకుండా ఉండటమే నియమం. ఒక ప్రసిద్ధ పట్టిక ప్రకారం గాలితో 18 మీటర్ల వద్ద ఈ పరిమితి 56 నిమిషాలు, 30 మీటర్ల వద్ద 20 నిమిషాలు. దీనిని దాటి దిగడానికి ప్రత్యేక శిక్షణ అవసరం. పరికరం కొనుక్కొన్నంత మాత్రాన ఆ అర్హత రాదు.

నీటిలో దిగక ముందు

1. పథకం ముందుగా సిద్ధం చేయాలి. గరిష్ఠ లోతు, అడుగున ఉండే కాలం, విరామాలు నిర్ణయించి పలకపై రాసుకొని వెంట తీసుకుపోవాలి. అనుకొన్నదానికంటే 3 మీటర్లు ఎక్కువ లోతుకు పోతే, లేక 5 నిమిషాలు ఆలస్యమైతే ఏమి చేయాలో తెలిపే రెండవ పట్టిక కూడా ఉండాలి.
2. గాలి చాలునో లేదో లెక్క కట్టాలి. ఉపరితలం వద్ద నిమిషానికి 20 లీటర్లు వాడే డైవరు 30 మీటర్ల వద్ద 80 లీటర్లు వాడతాడు. 200 బార్ నింపిన 12 లీటర్ల సిలిండరులో ఉండే సుమారు 2400 లీటర్లు అక్కడ 30 నిమిషాలకే అయిపోతాయి. 6 మీటర్ల వద్ద 20 నిమిషాల విరామానికి 640 లీటర్లు కావాలి. జతగాడికి కూడా పంచవలసి వస్తే అవసరం ఇంకా పెరుగుతుంది.
3. ప్రతి డైవరుకు సొంత పరికరం ఉండాలి. ఇద్దరికి ఒకటి చాలదు. ఒకే తాడు వెంట దిగినవారైనా ఒకరికంటె మరొకరు ఒకటి రెండు మీటర్లు లోతుగా, కొన్ని నిమిషాలు ఎక్కువగా ఉండటం సహజం.
4. రెండవ పరికరం, లేదా కనీసం లోతుమాపకం, గడియారం, రాసిన పట్టిక తప్పనిసరి.
5. బ్యాటరీ, వాయు మిశ్రమాల అమరిక, గ్రేడియంట్ ఫాక్టర్లు, మంచినీరు లేక ఉప్పునీరు అనే అమరిక సరిచూడాలి. సిలిండరులోని ఆమ్లజని శాతాన్ని డైవరే స్వయంగా విశ్లేషక యంత్రంతో కొలిచి, సిలిండరుపై చీటీ అంటించాలి.
6. అదే రోజు ముందు దిగినపుడు వాడిన పరికరాన్నే మళ్ళీ వాడాలి. కొత్తదానికి పాత డైవింగు సంగతి తెలియదు. శరీరంలో మిగిలి ఉన్న నత్రజనిని అది సున్నాగా భావిస్తుంది.

నీటిలో ఉన్నపుడు

తెరపై సంఖ్యను తరచు చూచుట అలవాటు కావాలి. ఉపరితలానికి చేరే మొత్తం కాలం పథకంలో రాసుకొన్న సంఖ్యను తాకిన వెంటనే పని సగంలో ఉన్నా పైకి బయలుదేరాలి. లోతున ఒక్కొక్క అదనపు నిమిషానికి విరామ కాలం కొన్ని నిమిషాలు పెరగవచ్చును. కనుక "మరో రెండు నిమిషాలు" అనే ఆలోచన గాలి లెక్కను పూర్తిగా తారుమారు చేయగలదు.

పైకి వచ్చే వేగం నిమిషానికి 9 – 10 మీటర్లకు మించకూడదు. విరామాల మధ్య ఇంకా మెల్లగా రావాలి. విరామ లోతు వద్ద నిలకడగా ఉండుటకు తేలియాడే శక్తిపై అదుపు అవసరం. సీలింగును అర మీటరు దాటినా కొన్ని పరికరాలు హెచ్చరిస్తాయి. చాలాసేపు దాటితే 24 లేక 48 గంటల పాటు లెక్క చూపుట మానివేసి లోతును, కాలాన్ని మాత్రమే చూపుతాయి. దీనికి విరుగుడుగా పరికరాన్ని తాడుకు కట్టి నీటిలో వదిలి 'విరామం పూర్తి చేయించిన' సందర్భాలు ఉన్నాయి. దీనివల్ల పరికరం శాంతిస్తుంది గాని డైవరు శరీరంలోని నత్రజని ఏ మాత్రం తగ్గదు.

రెండు పరికరాలు వేర్వేరు సంఖ్యలు చూపితే ఎక్కువ విరామం కోరే పరికరాన్ని అనుసరించాలి.

వాయువు మార్పిడి

విరామాల కాలాన్ని తగ్గించడానికి ఆమ్లజని ఎక్కువగా ఉండే మిశ్రమాలను వాడుతారు. వీటిని అనుమతించిన లోతు దాటి పీలిస్తే ఆమ్లజని విషప్రభావం వల్ల నీటిలోనే మూర్ఛ వచ్చి డైవరు మునిగిపోతాడు. విశ్రాంతిగా ఉండే విరామ సమయంలో ఆమ్లజని పాక్షిక పీడనం 1.6, పని సమయంలో 1.4 అట్మాస్ఫియర్లు దాటరాదన్నది సాధారణ నియమం. ఈ లెక్కన శుద్ధ ఆమ్లజనిని 6 మీటర్ల కంటె లోతున, 50 శాతం మిశ్రమాన్ని సుమారు 21 మీటర్ల కంటె లోతున పీల్చరాదు.

డైవరు ఏ సిలిండరు నుండి పీలుస్తున్నాడో పరికరానికి తెలియదు. మీట నొక్కి చెప్పినదే దానికి ప్రమాణం. గాలి పీలుస్తూనే 50 శాతం మిశ్రమమని నొక్కితే, నత్రజని త్వరగా పోతున్నదని భ్రమించి విరామం ముందే ముగిసినట్లు చూపుతుంది. ఇది ప్రమాదకరం. కనుక క్రమం ఇలా ఉండాలి: లోతు సరిచూచుట, సిలిండరుపై చీటీ చదువుట, జతగాడికి చూపించుట, శ్వాస మార్చుట, ఆ తరువాతే పరికరంపై మార్పు నమోదు చేయుట.

పరికరం విఫలమైనపుడు

తెర ఆరిపోతే వెంటనే రెండవ పరికరాన్ని, అది లేకుంటే పలకపై రాసిన పట్టికను అనుసరించి డైవింగు ముగించాలి. జతగాడి పరికరం సహాయంగా ఉపయోగపడుతుంది, కాని దానిపై కొంత అదనపు సమయం కలుపుకోవాలి. విఫలమైన పరికరం సరి అయినా, దానితో అదే రోజు మళ్ళీ దిగకూడదు.

ఎత్తైన ప్రదేశాలకు ప్రయాణం

డైవింగు తరువాత ఎత్తైన ప్రదేశానికి వెళితే చుట్టూ గాలి ఒత్తిడి తగ్గుతుంది. అది నీటిలో నుండి మరికొంత పైకి వచ్చినట్లే. డైవర్ల భద్రతా సంస్థ అయిన డైవర్స్ అలర్ట్ నెట్‌వర్క్ 2002లో జరిపిన సమావేశపు సిఫారసుల ప్రకారం, ఒక్కసారి విరామరహితంగా దిగిన తరువాత విమానం ఎక్కడానికి కనీసం 12 గంటలు, పలుమార్లు లేక పలు రోజులు దిగితే 18 గంటలు ఆగాలి. డికంప్రెషన్ డైవింగు అయితే 18 గంటల కంటె బాగా ఎక్కువసేపు ఆగాలి. 24 గంటలు ఆగుట అలవాటు. ఈ సిఫారసులు సుమారు 600 నుండి 2400 మీటర్ల ఎత్తుతో సమానమైన ఒత్తిడికి వర్తిస్తాయి.

విమాన ప్రయాణంతో పాటు రోడ్డు, రైలు ప్రయాణాలకు కూడా ఇది వర్తిస్తుందని చాలామంది గమనించరు. ఉత్తరాంధ్రలో ఇది ముఖ్యమైన విషయం. విశాఖపట్నం తీరం నుండి అరకులోయ కొన్ని గంటల ప్రయాణమే. కాని అరకు సముద్ర మట్టానికి 900 మీటర్లకు పైగా ఎత్తున ఉన్నది. కొత్తవలస – కిరండూల్ రైలు మార్గంలోని సిమిలిగుడ స్టేషను ఎత్తు 996 మీటర్లు. ఉదయం రుషికొండ వద్ద సముద్రంలో దిగి మధ్యాహ్నం అనంతగిరి ఘాటు ఎక్కడం, డైవింగు ముగిసిన కొద్ది గంటలకే ఒత్తిడి తగ్గిన గాలిలోకి పోవడమే. విశాఖపట్నం నుండి విజయనగరం మీదుగా బొబ్బిలి వరకు దారి మైదాన ప్రాంతమే కనుక ఈ ఇబ్బంది లేదు. బొబ్బిలి దాటి సాలూరు మీదుగా సుంకి ఘాటు ఎక్కి కోరాపుట్ వెళ్ళేవారు మాత్రం సుమారు 870 మీటర్ల ఎత్తుకు చేరుతారు. అటువంటివారు సాలూరుకు ఇవతలి మైదానంలో రాత్రి గడిపి, నిర్ణీత కాలం నిండిన తరువాత బయలుదేరుట మేలు. చాలా డైవ్ కంప్యూటర్లు 'విమాన ప్రయాణ నిషేధం' అనే సూచనను గంటలలో చూపుతాయి. ఘాటు రోడ్డుకు కూడా దానినే పాటించవచ్చును.

పరిమితులు

పరికరం ప్రతి డైవరును సగటు మనిషిగా భావిస్తుంది. వయసు, స్థూలకాయం, నీరు తక్కువ తాగుట, నిద్రలేమి, అడుగున కఠిన శ్రమ, విరామ సమయంలో చలి వంటివి నత్రజని రాకపోకలను మారుస్తాయి. అడుగున వెచ్చగా ఉండి శ్రమపడి, విరామాల వద్ద చలికి ముడుచుకొని ఉంటే, నత్రజని ఎక్కువగా చేరి తక్కువగా బయటకు పోతుంది. కొందరి గుండెలో పుట్టుకతో మూసుకొనని చిన్న రంధ్రం ఉంటుంది. అటువంటివారిలో సిరల బుడగలు ఊపిరితిత్తులలో వడపోత కాకుండా ధమనులలోకి చేరగలవు. ఇవేవీ పరికరానికి తెలియవు. అందుచేత పరికరం చెప్పినట్లే నడచుకొన్నవారికి కూడా వ్యాధి రావచ్చును. "కంప్యూటరు పచ్చగానే ఉంది" అనే కారణంతో లక్షణాలను తోసిపుచ్చుట వలన చికిత్స ఆలస్యమవుతుంది.

అత్యవసర చికిత్స

లక్షణాలు కనబడిన వెంటనే రోగిని వెల్లకిల పడుకోబెట్టి, వీలైనంత త్వరగా 100 శాతం ఆమ్లజని అందించాలి. స్పృహలో ఉండి మింగగలిగితే నీరు తాగించవచ్చును. వెంటనే 108కు ఫోను చేసి, డైవింగు సంబంధమైన అత్యవసర పరిస్థితి అని స్పష్టంగా చెప్పాలి. అసలు చికిత్స రీకంప్రెషన్ గదిలో జరుగుతుంది. అందులో ఒత్తిడిని సాధారణంగా 2.8 అట్మాస్ఫియర్లకు పెంచి, ఆమ్లజని పీల్పిస్తూ, కొన్ని గంటలపాటు మెల్లగా తగ్గిస్తారు. రోగిని మళ్ళీ నీటిలో దించి నయం చేయాలనుకోవడం ప్రాణాంతకం కావచ్చును. రోగి వాడిన డైవ్ కంప్యూటరును కూడా వైద్యుని వద్దకు తీసుకుపోవాలి. అందులో నమోదైన లోతు, కాలం వివరాలు చికిత్సకు ఉపయోగపడతాయి. సమీప రీకంప్రెషన్ గది ఎక్కడ ఉన్నదో, అక్కడికి ఎలా చేరాలో డైవింగుకు ముందే తెలుసుకొని ఉండాలి.

ఆంధ్ర ప్రాంతంలో లోతు డైవింగు

విశాఖపట్నం తూర్పు నౌకాదళ ప్రధాన స్థానం. జలాంతర్గాముల స్థావరమైన ఐ.ఎన్.ఎస్. వీరబాహు, జలాంతర్గామి శిక్షణ కేంద్రమైన ఐ.ఎన్.ఎస్. శాతవాహన ఇక్కడే ఉన్నాయి. 1971 డిసెంబరులో విశాఖ తీరంలో మునిగిన పాకిస్తాన్ జలాంతర్గామి గాజీ వద్ద నౌకాదళ డైవర్లు గాలింపు జరిపారు. సోవియట్ దేశం నుండి సేకరించిన నిస్తార్ అనే రక్షక నౌక ఇందులో పాల్గొన్నది. ఆ నౌక 1989లో విరమణ పొందింది. అదే పేరుతో విశాఖపట్నంలోని హిందుస్థాన్ షిప్‌యార్డు నిర్మించిన కొత్త నౌక 2025 జూలై 18న నౌకాదళంలో చేరింది. దీని పొడవు సుమారు 118 మీటర్లు. ఇందులో 300 మీటర్ల లోతు వరకు సాచురేషన్ డైవింగు జరిపే ఏర్పాట్లు ఉన్నాయి. సాచురేషన్ డైవింగులో డైవర్లు రోజుల తరబడి ఒత్తిడి గల గదిలోనే నివసించి, చివర ఒక్కసారే డికంప్రెషన్ పొందుతారు. దానిని ఉపరితలం నుండి నిపుణులు నడిపిస్తారు కనుక మణికట్టు కంప్యూటరుపై ఆధారపడరు.

రుషికొండ పరిసరాలలో జరిగే వినోద డైవింగు తక్కువ లోతులకు పరిమితమైనది. వర్షాకాలంలోను, తుఫానుల కాలంలోను అలలు, ఒండ్రు వల్ల నీటిలో చూపు ఆనదు. చూపు ఆననపుడు తెరను చదవడమే కష్టం కనుక డికంప్రెషన్ డైవింగుకు అటువంటి రోజులు తగవు.

నదులలో కూడా లోతు సమస్య ఎదురవుతుంది. 2019 సెప్టెంబరు 15న గోదావరిలో కచ్చులూరు వద్ద రాయల్ వశిష్ఠ అనే పర్యాటక బోటు మునిగి అనేకులు మరణించారు. బోటు 200 అడుగులకు పైగా లోతున ఉన్నట్లు అప్పటి వార్తలు తెలిపాయి. ఆ లోతున మొత్తం ఒత్తిడి సుమారు 7 అట్మాస్ఫియర్లు. సాధారణ గాలి పీలిస్తే నత్రజని మత్తు కలుగుతుంది, ఆమ్లజని పాక్షిక పీడనం కూడా 1.4 దాటుతుంది, కొన్ని నిమిషాల పనికే దీర్ఘ విరామాలు అవసరమవుతాయి. వరద ఉరవడిలో, సుడిగుండాల మధ్య ఒకే లోతున నిలిచి విరామం పాటించుట దాదాపు అసాధ్యం. చివరకు కాకినాడకు చెందిన ధర్మాడి సత్యం బృందం 2019 అక్టోబరు 22న బోటును వెలికి తీసింది. ఏ పరికరం ఉన్నా, నీటి పరిస్థితి అనుకూలించనపుడు డైవరును దించకుండుటే సరియైన నిర్ణయమని ఇటువంటి సంఘటనలు తెలుపుతాయి.

ఇవి కూడా చూడండి

* హెన్రీ నియమం
* బాయిల్ నియమం
* జె.బి.ఎస్. హాల్డేన్
* రంగరాయ వైద్య కళాశాల
* జలాంతర్గామి
* అరకులోయ